ఎంపీ గారి లెటర్‌తో వీసా వస్తుందా? అపోహలు - వాస్తవాలు

"ఎంపీ గారు మనకి బాగా కావాల్సినవాళ్లేనండి. ఒక లెటర్ రాయిస్తే పనైపోదూ? ఓట్లేసి గెలిపించాం, ఆ మాత్రం చేసి తీరాలి కదా?"

గవర్నర్‌పేటలో వీసా కాగితాల పని చేస్తూ పదిహేడేళ్లుగా వింటున్న మాట ఇది. మొన్న సోమవారం బ్రోడీపేట నుంచి వచ్చిన ఒకావిడ కూడా ఇదే అడిగారు. ఆవిడ కూతురు అమెరికాలో ఉంటుంది.

చేసి తీరాలన్న చట్టం ఇక్కడా లేదు, అమెరికాలోనూ లేదు. అడిగే హక్కు మీకుంది, చేయడం వాళ్ల ఇష్టం. అయితే అక్కడి కాంగ్రెస్ (మన పార్లమెంటు లాంటిది) సభ్యుల ఆఫీసుల్లో ఇలాంటి కేసులు చూడటానికి సిబ్బంది ఉంటారు, చాలామంది శ్రద్ధగానే చూస్తారు. ఫైలు ఎక్కడ ఆగిందని ఇమిగ్రేషన్ వాళ్లని అడుగుతారు, నిజంగా అత్యవసరమైతే త్వరగా చూడమని కోరతారు. అంతవరకే. నిర్ణయం అధికారిదే.

మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు. "పెద్దవాళ్ల చేత చెప్పించాం, ఇక గడువు గురించి భయం లేదు" అనే నమ్మకం ఒక్కటే ఒక ఎత్తు. మనవాళ్లని నిలువునా ముంచేది అదే.

కొన్నేళ్ల కిందట తెనాలి దగ్గర పల్లె నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. కూతురు న్యూజెర్సీలో సిటిజన్. నాన్న కోసం ఐ-130, అంటే సొంతవాళ్లని గ్రీన్‌కార్డ్ మీద రప్పించుకునే పిటిషన్, వేసింది. అమ్మాయి ఇంట్లోనే పుట్టింది. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, ఇంట్లో కాన్పులు పంచాయతీలో రాయించినవాళ్లు ఆ రోజుల్లో ఎందరు? బర్త్ సర్టిఫికెట్ లేదని ఆర్ఎఫ్ఈ, అంటే ఇంకా ఆధారాలు పంపమనే ఇమిగ్రేషన్ నోటీసు, వచ్చింది. మాస్టారు ఊరంతా తిరిగి, ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద "ఈమె ఫలానా వారి కుమార్తె" అని రాయించుకుని, దాన్ని భద్రంగా లామినేషన్ కూడా చేయించారు. ఎంపీ గారి చేత ఎంబసీకి రాయించాలని మరో నెల తిరిగారు. కవర్లోంచి ఆర్ఎఫ్ఈ ప్రింటవుట్ తీసి నా బల్ల మీద పరిచారు. జవాబు అందాల్సిన తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. అది దాటి అప్పటికే తొమ్మిది రోజులు.

అడిగిందేమిటో తెలుసా? నమోదు లేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, దానికి తోడు స్కూలు రికార్డు, పుట్టుక ఎరిగిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు. అమ్మాయి పుట్టినతేదీ, తండ్రి పేరు ఉన్న అడ్మిషన్ రిజిస్టరు ఆయన పాఠం చెప్పిన హైస్కూల్లోనే ఉంది. ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొహం నాకింకా గుర్తే. కేసు తిరస్కరించారు. మళ్లీ ఫీజు కట్టి మొదటి నుంచి వేయాల్సి వచ్చింది.

ఆర్ఎఫ్ఈకి ఇచ్చే గడువు గరిష్ఠంగా 12 వారాలు, అంటే 84 రోజులు. పొడిగించే వీల్లేదని నిబంధనే చెబుతోంది. తిరస్కరిస్తే అప్పీలుకి మామూలుగా 30 రోజులు. ఎంపీ లెటర్ వెళ్లినా, కాంగ్రెస్‌మన్ ఆఫీసు వాకబు చేసినా ఈ లెక్క ఆగదు. ముందు జవాబు పంపండి, తర్వాతే సాయం అడగండి.

అడిగేటప్పుడు కూడా అక్కడున్న మీ పిల్లలే అడగాలి. 1974 నాటి ప్రైవసీ చట్టం వల్ల కేసు వేసినవాళ్లు స్వయంగా సంతకం చేసిన సమ్మతి పత్రం లేనిదే ఆ ఆఫీసులు ఫైలు ముట్టుకోవు. ఇక్కడి నుంచి అమ్మానాన్నలు ఎన్ని మెయిళ్లు పెట్టినా లాభం లేదు. వాళ్లుండే నియోజకవర్గానికి కాంగ్రెస్ ప్రతినిధి ఒకరు, రాష్ట్రానికి ఇద్దరు సెనేటర్లు ఉంటారు. ముగ్గురినీ ఒకేసారి పట్టుకోకుండా ఒక ఆఫీసుతోనే నడవండి. దీనికి పైసా ఖర్చు లేదు. "కాంగ్రెస్‌మన్ లెటర్ ఇప్పిస్తాం" అని డబ్బు అడిగేవాడు మోసగాడే, వాడి గుమ్మం తొక్కొద్దు.

సిటిజన్లకే సాయం చేస్తారన్నది నిజం కాదు. చాలా ఆఫీసులు తమ పరిధిలో నివాసం ఉందా లేదా అన్నదే చూస్తాయి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో టూరిస్ట్, స్టూడెంట్ లాంటి వీసాని 214(బి) కింద, అంటే తిరిగొస్తారన్న నమ్మకం కుదరలేదని, కాదంటే ఏ లెటరూ దాన్ని మార్చలేదు, దానికి అప్పీలు లేదు, మళ్లీ దరఖాస్తు చేసుకోవడమే. ఉద్యోగం మీద గ్రీన్‌కార్డ్ క్యూని ముందుకు జరపడం కూడా సెనేటర్ ఫోనుతో అయ్యేది కాదు, ఏటా ఇచ్చేవాటిలో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి చట్టంలోనే ఉంది.

గల్ఫ్ సంగతి వేరు. మనిషి అక్కడ ఇరుక్కుంటే ఎంపీ లేఖ విదేశాంగ శాఖని కదిలించగలదు, తప్పకుండా అడగండి. కానీ అంతకంటే ముందు, 2015 నుంచి నడుస్తున్న విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబరు లేఖలో రాయించండి. నంబరుంటే లేఖ దేని గురించో వెంటనే దొరుకుతుంది.

బ్రోడీపేట ఆవిడది కూడా బర్త్ సర్టిఫికెట్ గొడవే. ఫోన్లో ఆర్ఎఫ్ఈ ఫొటో పెద్దది చేసి గడువు తేదీ చూశాను, ఇంకా 23 రోజులున్నాయి. "ఎంపీ గారి ఇంటికి తర్వాత వెళ్దురుగానమ్మా" అని చెప్పి, నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అర్జీ రాసిచ్చి గుంటూరు కార్పొరేషన్ ఆఫీసుకి పంపాను.