టర్కిష్ జానపదాలు: అన్నీ ప్రియురాలి పాటలేనా?

కచేరీ అయ్యాక నా చేతిలో సాజ్ (టర్కీ జానపదుల తీగల వాద్యం) చూసి జనం అనే మాటల్లోంచి ఈ నాలుగు అపోహలూ ఏరాను.

అపోహ: అన్నీ ప్రియురాలి కోసం ఏడ్చే పాటలే.

వాస్తవం: ప్రేమ ఉంది, కాదనను. కానీ ఈ పాటల్లో పదేపదే తగిలే మాట 'గుర్బెత్'. సొంతూరు వదిలి పరాయిచోట బతకడం. మన 'గరీబు' దీనికి చుట్టమే, రెండిటిదీ ఒకే అరబీ ధాతువు. 'గరీబ్' అంటే అరబీలో పరాయివాడు. టర్కీలోని కిర్షెహిర్ ప్రాంతపు జానపద గాయకుడు నెషెత్ ఎర్తాష్ (1938-2012) పెట్టుకున్న ముద్ర 'గరిప్'. త్యాగయ్య కృతి చివర తన పేరు చెప్పుకున్నట్టే, అక్కడి జానపద కవులూ ఆఖరి చరణంలో ముద్ర వేస్తారు. ఎర్తాష్ కూడా ఏళ్లతరబడి జర్మనీలో ఉన్నవాడే. 1961లో టర్కీకి జర్మనీతో కూలీల ఒప్పందం కుదిరాక రైలెక్కి వెళ్లినవాళ్లకు 'గుర్బెత్' అన్న మాట కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది.

పెళ్లికూతురికి గోరింటాకు పెట్టే రాత్రి పాడే పాటొకటుంది. ఎత్తయిన కొండల మీద ఇళ్లు కట్టొద్దు, దూరదేశానికి పిల్లనివ్వొద్దు, అమ్మ మీద బెంగగా ఉందని ఎగిరే పక్షులకైనా తెలియాలి అంటుంది. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకునేదాకా పాడతారు. ఇందులో ప్రియుడెక్కడ?

అపోహ: దిగులు పాటంటే నెమ్మదిగా సాగాలి.

వాస్తవం: తాళం లేని 'ఉజున్ హవా' అలాగే సాగుతుంది. అందులో ఒక రకమైన బోజ్లక్ పైస్థాయిలో కేకలా మొదలై కిందికి దిగుతుంది. కానీ తక-తక-తక-తకిట అని తొమ్మిది లెక్కలో నడుస్తూ, కాలు ఆడించే బెంగ పాటలూ ఉన్నాయి.

అపోహ: ఈ పాటల్ని హార్మోనియం మీద దించేయొచ్చు.

వాస్తవం: నేనూ ప్రయత్నించి నవ్వులపాలయ్యాను. సాజ్‌కి ఇంకో పేరు 'బాలమా', అంటే కట్టినది. దాని మెట్లు కాడకు చుట్టి కట్టిన నైలాన్ దారాలు. చాలా పాటల్లో రెండో స్వరం మన శుద్ధ రిషభానికీ చతుశ్రుతి రిషభానికీ మధ్య పడుతుంది. దానికో దారం ఉంది. హార్మోనియంలో ఆ మెట్టే లేదు. పక్క మెట్టు నొక్కితే బెంగ కాస్తా భజన అయిపోతుంది.

అపోహ: ఈ పాటల్లో వచ్చే 'యార్' (ప్రియమైన తోడు) అంటే అమ్మాయే.

వాస్తవం: జానపద కవి, గాయకుడు ఆషిక్ వేసెల్‌ని (1894-1973) వినండి. మశూచితో చిన్నప్పుడే చూపు పోయినవాడు. ఆయన నమ్మిన యార్ నల్లమట్టి. గడ్డపారతో పొట్ట చీల్చినా, గోళ్లతో మొహం రక్కినా, మళ్లీ గులాబీ పట్టుకునే ఎదురొచ్చిందంటాడు.