రాత్రి ఆకాశంలో పిట్టల కూతలు: అపోహలు, వాస్తవాలు

రాత్రిపూట తీతువు కూస్తే మా అమ్మ చెడు శకునమని తలుపు మూసేసేది. ఇప్పుడు షికాగో శివార్లలో నేను వలసల కాలమంతా తలుపు తీసుకుని మరీ పెరట్లో కూర్చుంటున్నాను, రాత్రి ఎగిరిపోయే పిట్టల కూతలు వింటూ, మైకుతో రికార్డు చేసుకుంటూ.

అపోహ: చీకటి పడితే చిన్న పిట్టలు ఎగరవు.

ఇక్కడి వార్బ్లర్లు, త్రష్‌లు అనే చిన్న పిట్టలు చాలావరకు రాత్రే వలసపోతాయి. 1896 సెప్టెంబర్‌లో ఓరిన్ లిబ్బీ అనే ఆయన విస్కాన్సిన్‌లోని మాడిసన్ దగ్గర ఒక్క రాత్రిలో సుమారు 3,800 కూతలు లెక్కపెట్టాడు. మైకు లేదు, ఉత్త చెవులే.

అపోహ: పగటి పాటలు తెలిస్తే రాత్రి కూతలూ తెలుస్తాయి.

నేను బోర్లాపడింది ఇక్కడే. ఎగురుతూ కూసేది పాట కాదు. వార్బ్లర్ "ట్సిప్" అంటుంది, అదీ సెకనులో పదోవంతు. చెవికి అన్నీ ఒకటే. స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే రికార్డు చేసిన శబ్దాన్ని బొమ్మగా చూపించే దాంట్లో, ఆ చిన్న గీత పైకి వంగిందా, కిందికి దిగిందా, వణికిందా అని చూడాలి. అప్పటికీ తేలకపోతే "ఏదో వార్బ్లర్" అని రాసుకోవడమే, అందులో నామోషీ ఏం లేదు.

స్వెయిన్‌సన్స్ త్రష్‌ది "పీప్". మొదటి ఏడాది మే నెలలో ఒక రాత్రి వందల త్రష్‌లు దాటాయని తెగ మురిసిపోయాను. పొద్దున ఫైలు తెరిస్తే కూతలన్నీ సెకనుకొకటి చొప్పున, ఒకే మోతాదులో. పెరటి వెనక చెరువులో స్ప్రింగ్ పీపర్ కప్ప! ఎగిరే పిట్ట కూత దగ్గరై, దూరమై, పోతుంది. కప్ప కదలదు.

అపోహ: ఖరీదైన మైకు కావాలి.

అక్కర్లేదు. ప్లాస్టిక్ పూలకుండీలో మైకు పెట్టి, మూతికి పల్చటి ప్లాస్టిక్ కవరు బిగించి చాలామంది నెట్టుకొస్తున్నారు.

అపోహ: కూతలు ఎన్నో పిట్టలు అన్ని.

ఒకే పిట్ట పదిసార్లు కూయొచ్చు. వీరియోలు, ఫ్లైక్యాచర్లు దాదాపు నోరు మెదపకుండానే పోతాయి. నిర్మలమైన రాత్రి రాడార్ నిండా పిట్టలున్నా అవి ఎత్తున ఎగురుతుంటే మైకుకు అందేది కొంచెమే. మబ్బు కిందికి దిగి, ఊరి లైట్లు దానిమీద పడ్డాయా, గోలే గోల. పిట్టలు దారి తప్పి దీపాల చుట్టూ తిరుగుతూ కూస్తాయి. షికాగోలో భవనాలకు గుద్దుకుని చచ్చిన పిట్టలను 1978 నుంచి పోగుచేశారు. ఆ లెక్కలతో 2019లో తేలిందేమంటే, ఎగురుతూ కూసే జాతులే ఎక్కువగా గుద్దుకుంటున్నాయి. 2023 అక్టోబర్‌లో ఇక్కడ ఒక్క భవనం కిందే ఒకే రోజు దాదాపు వెయ్యి దొరికాయి.

అందుకే మబ్బు రాత్రి హెడ్‌ఫోన్‌లో కూతలు ముంచెత్తితే నేను ముందు లేచి వరండా లైటు ఆర్పేసి వస్తాను.