గాటు కనిపించని కాటు: పాములపై అపోహలు, వాస్తవాలు

పాముకాటు రోగులకు చికిత్స చేసే వైద్యుడిగా, విషం కన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టేది కాటు పడిన క్షణానికీ ఆసుపత్రికీ మధ్య వృథాగా గడిచిపోయే సమయం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని అంచనా. ఆ మరణాల్లో అత్యధికం పల్లెల్లోనివే.

అపోహ: పాము కరిస్తే గాట్లు పడతాయి, నొప్పి, వాపు వస్తాయి, అవి లేకపోతే భయం లేదు.

వాస్తవం: రక్తపింజర విషయంలో ఇది చాలావరకు నిజమే కానీ, కట్లపాము విషయంలో పూర్తిగా తప్పు. నల్లని ఒంటిపై సన్నని తెల్లని కట్లుండే ఈ పాము రాత్రివేళ తిరుగుతూ, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కరుస్తుంది. కోరలు చిన్నవి కావడంతో గాటు కనిపించకపోవచ్చు, నొప్పి కూడా తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి మొదలైతే, రాత్రి తిన్నది పడలేదని ఇంట్లోవాళ్లు వాము నీళ్లు తాగిస్తారు. ఆ తరువాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు. రెప్పలెత్తలేక రోగి తల వెనక్కి వాల్చి చూస్తాడు. దాన్ని నిద్రమత్తు అనుకోవడమే ప్రాణాంతకం. ఈ విషం నరాల చివరలనే దెబ్బతీస్తుంది కాబట్టి, ఆలస్యంగా ఇచ్చిన విరుగుడు ఆ నష్టాన్ని పూడ్చలేదు. ఊపిరి తీసే కండరాలు కోలుకునేదాకా రోజుల తరబడి వెంటిలేటరే ఆధారమవుతుంది. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకుంటే ఈ కాటును చాలావరకు తప్పించుకోవచ్చు.

అపోహ: కాటుకు పైన తాడు బిగించి కట్టాలి.

వాస్తవం: బిగించిన కట్టు రక్తప్రసరణను ఆపి కాలు కుళ్లిపోయేలా చేస్తుంది. ఉంగరాలు, మెట్టెలు తీసేసి, కాలు కదలకుండా బద్ద కట్టి, 108కి ఫోన్ చేస్తే చాలు.

అపోహ: మంత్రంతో, పసరుతో విషం దిగుతుంది.

వాస్తవం: కరిచిన ప్రతి పాముకూ విషం ఉండదు, విషపు పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించదు. అలా ఎలాగూ బతికేవారి వల్లనే మంత్రానికి పేరొస్తోంది.

పాములు పగబట్టవు. పాలు వాటి ఆహారం కాదు. పుట్టలను కట్టేవి చెదపురుగులు.

అపోహ: పామును చంపి తీసుకువెళితేనే వైద్యం చేస్తారు.

వాస్తవం: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ మన దగ్గర వాడే విరుగుడు ఒక్కటే, చికిత్స సాగేది లక్షణాలను బట్టి. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రోగి రక్తం కొద్దిగా పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తాము. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే, అది పింజర కాటేనని పామును చూడకుండానే భావించి విరుగుడు ఎక్కించడం మొదలుపెడతాము.