సాయంత్రం పాటల క్లాసులు చెప్పేవాళ్ల శిక్షణ: అపోహలు – వాస్తవాలు

బడి వదిలాక నాలుగున్నరకు గుడి మంటపంలోనో, కమ్యూనిటీ హాల్లోనో, బడి వరండాలోనో చాపలు పరుచుకుని నడిచే పాటల క్లాసులు కడప, అనంతపురం, కర్నూలు వైపు చాలానే కనబడతాయి. చెప్పేవాళ్లలో చాలామందికి సంగీతం గురువు ఎదుట కూర్చుని వచ్చింది. ముప్పైమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఎలా చెప్పాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. ఈ పోస్టు ఆ రెండో విద్య గురించి.

అపోహ: సంగీతం బాగా వచ్చినవాళ్లకు మళ్లీ శిక్షణ దేనికి?

ఒక్క శిష్యుడు పాడితే తప్పు ఇట్టే చెవిన పడుతుంది. 30 మంది కలిసి పాడితే తెలిసేది ఐదారుగురి గొంతే. మిగతావాళ్లు పాడుతున్నారో, పెదాలు ఆడిస్తున్నారో పట్టుకోలేం. వర్ణాల్లాంటి కష్టమైన పాఠాలు అవలీలగా పాడేవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. వరసల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి పక్కన రెండు సెకన్లు ఆగి వినడం, నలుగురేసి చొప్పున పాడించడం, తప్పు పాడినవాడి పేరెత్తకుండా ఆ వరస మొత్తంతో సరిచేయించడం, ఇవన్నీ విడిగా సాధన చేయాల్సిన పనులే. ఆకాశవాణి గాయకులకు ఇచ్చే గ్రేడు చూసి పాట ఎంత వచ్చో చెప్పవచ్చు, క్లాసు ఎలా నడుస్తుందో చెప్పలేం.

అపోహ: శిక్షణ అంటే ఏడాదికోసారి మూడురోజుల వర్క్‌షాప్, ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫోటో.

జాతీయ విద్యా విధానం 2020 బడి టీచర్లకు ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటుంది. సాయంత్రం క్లాసులవాళ్లను ఆ లెక్క ఎవరూ అడగరు. అయినా కొలతగా పెట్టుకోవడానికి అది పనికొస్తుంది. ఒక పంపకం ఇలా ఉంటుంది: బడులు తెరిచే జూన్‌లో రెండు రోజులు, 12 గంటలు. ఆ తర్వాత పది నెలలపాటు నెలకు రెండు గంటల కూడిక, 20 గంటలు. నెలకో గంట సొంత క్లాసు రికార్డింగు చూసుకోవడం, 10 గంటలు. మిగిలిన 8 గంటలు ఎవరి సంగీతం వాళ్లు పైవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి.

ఇందులో ఎక్కువ ఫలితం వచ్చేది, అందరూ ఎగ్గొట్టేది రికార్డింగే. తమ గొంతు తాము వినడానికి మొహమాటం. పద్ధతిలో కష్టమేమీ లేదు. ఫోను కిటికీ గట్టుమీద పెట్టి 20 నిమిషాలు తీయాలి, అంతకుమించి తీస్తే చూసే ఓపిక ఉండదు. కాగితం మీద మూడు గళ్లు గీసుకోవాలి: నేను మాట్లాడింది, నేను పాడింది, పిల్లలు పాడింది. ప్రతి అరనిమిషానికి ఆగి ఏ గడిలో పడితే అందులో ఒక గీత. మొత్తం 40 గీతలు. మూడో గడిలో 20 అయినా లేకపోతే ఆ క్లాసు ఉపన్యాసమైపోయిందన్నమాట.

రెండోసారి చూసేటప్పుడు శబ్దం కట్టేసి పిల్లల చేతులు మాత్రమే చూడండి. ఎనిమిది అక్షరాల (లెక్కల) ఆదితాళంలో మొదటి భాగమైన లఘువులో దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు, ఈ నాలుగూ సరిగ్గానే పడతాయి. తప్పంతా తర్వాత వచ్చే రెండు ద్రుతాల్లో, అంటే ఒక దెబ్బ, ఒక విసురు (చేయి తిప్పడం) ఉండే జంటల్లో. దెబ్బకు తొడమీద చప్పుడవుతుంది, విసురుకు చప్పుడుండదు. చప్పుడు లేని అక్షరాన్ని పిల్లలు సగానికి తెగ్గొట్టి తర్వాతి దెబ్బకు దూకుతారు. ఎనిమిది అక్షరాలు ఏడు అవుతాయి, ఆవర్తనం (తాళం ఒక చుట్టు) తిరిగేకొద్దీ పాట పరుగందుకుంటుంది. టీచరు దాన్ని ‘స్పీడు పెంచకండ్రా’ అని తిడుతుంటారు, తెగింది ఎక్కడో చూడరు. విసురు దగ్గర చేయి తిప్పి ఎడమ అరచేతిని తాకించి ‘ఊ’ అనిపిస్తే వారంలో దారికొస్తుంది. ‘ఊ’ మాన్పించడానికి మరో వారం పడుతుంది, అది వేరే సంగతి.

అపోహ: ‘వీడికి శ్రుతి లేదు.’

ఈ మాట అనేముందు మనం పెట్టిన శ్రుతి పిల్లల గొంతుకు అందేదేనా చూసుకోవాలి. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలకు హాయిగా పలికేది సుమారుగా 6 శ్రుతి (శ్రుతిపెట్టె మీది అంకె, పెరిగేకొద్దీ స్వరం ఎత్తు) షడ్జం, అంటే ‘స’, దగ్గర మొదలై ఒక స్థాయి (స నుంచి పై స వరకు) పైన మరో రెండు మూడు స్వరాల వరకు. పాడేది మేడమ్ అయితే తన అలవాటు ప్రకారం 5 శ్రుతి పెడతారు. కింది షడ్జం పిల్లలకు అందదు, గొంతు గురగురమంటుంది. శ్రుతిపెట్టె 6 లేదా 6½కి మార్చగానే ‘శ్రుతి లేని’ పిల్లల్లో సగంమంది సర్దుకోవడం తరచూ జరిగేదే. సార్ పాడితే చిక్కు ఇంకోటి. ఆయన గొంతు ఒక స్థాయి కిందుంటుంది. చిన్నపిల్లలు దాన్ని తమ స్థాయికి మార్చుకోలేక ఆయనతోపాటు కిందికి దిగబోతారు. అలాంటప్పుడు బాగా పాడే ఒక అమ్మాయితో ముందు పాడించి, మిగతావాళ్లను ఆమె వెంట పాడమనాలి.

ఆ తర్వాత కూడా కలవని పిల్ల ఉంటే, మన స్వరానికి ఆమెను లాగడం ఆపి ఆమె స్వరానికి మనమే వెళ్లాలి. ఆమె ఏ స్వరం పలికితే అది అందుకుని కలిసి పట్టి నిలవాలి. తన గొంతు మరో గొంతుతో కలిస్తే చెవిలో ఎలా ఉంటుందో పిల్లకు మొదట తెలిసేది అక్కడే. అక్కణ్నుంచి అర స్వరం పైకి, మళ్లీ అర స్వరం. రోజుకు రెండు నిమిషాలు చాలు, అదీ అందరి ముందు చేయకూడదు. పిలుపుల్లో వచ్చే ప–గ జారు, వీధిలో స్నేహితుణ్ని పిలిచే బాణీలాంటిది, చాలామందికి మొదట పట్టుబడుతుంది.

పన్నెండు, పద్నాలుగేళ్ల మగపిల్లల సంగతి వేరు. స్వరపేటిక పెరిగి గొంతు దాదాపు ఒక స్థాయి దిగుతుంది. ఆ నెలల్లో ఐదారు స్వరాలకు మించి నమ్మకంగా పలకవు. ‘గొంతు విరిగింది, కొన్నాళ్లు మానెయ్’ అంటే వాళ్లు మళ్లీ రారు. ఆ ఐదు స్వరాలేవో కనుక్కుని అందులో ఇమిడే పల్లవి ఇవ్వండి, తాళమో డప్పో కూడా చేతికివ్వండి.

అపోహ: మాయామాళవగౌళ రాగంతో మొదలుపెట్టకపోతే సంప్రదాయం చెడుతుంది.

పురందరదాసు పేరుతో వస్తున్న ఈ క్రమానికి గట్టి కారణమే ఉంది. స రి గ మ మధ్య ఎంతెంత దూరమో ప ద ని స మధ్య అంతంతే. కింది సగం కుదిరితే పై సగం దానంతటదే కుదురుతుంది. రోజూ ఉదయం గురువు దగ్గర కూర్చునే పిల్లకు ఇంతకంటే మంచి దారి లేదు.

వారానికి రెండుసార్లు, 45 నిమిషాల గుంపు క్లాసులో అదే దారి ఎక్కడ తప్పుతుందంటే రిషభం (రి) దగ్గర. షడ్జానికి అరస్వరం దూరంలో ఉండే శుద్ధ రిషభాన్ని గుంపు తెలియకుండానే పైకి జరిపేస్తుంది, గాంధారానికి (గ) పడాల్సిన దూకు చిన్నదైపోతుంది. నెల తర్వాత వింటే వాళ్లు పాడేది శంకరాభరణం అనే వేరే రాగంలా ఉంటుంది. మోహన రాగంలో అరస్వరాల చిక్కే లేదు. స రి గ ప ద అన్న ఐదింటితో ఆరు వారాలు చెవిని కుదిర్చి, అప్పుడు మాయామాళవగౌళలోని సరళీ వరసలకు (మొదటి స్వర పాఠాలకు) వెళ్తే రిషభం నిలుస్తుంది. దీన్ని సంప్రదాయ విరుద్ధమనేవాళ్లతో వాదన పెట్టుకోవద్దు, ఆరు వారాల తర్వాత పిల్లల చేత పాడించి వినిపించండి.

అపోహ: హార్మోనియం వాయిస్తూ ఉంటే పిల్లలు శ్రుతి తప్పరు.

తప్పుతారు. మనకు వినబడదు, అంతే. మొదటి స్వరం ఇచ్చి తిత్తి మీద చేయి తీసేయండి, పాట అయ్యాక మళ్లీ ఒక్క స్వరం నొక్కి చూడండి. పిల్లలు అర శ్రుతి దిగి ఉండటం మామూలే. వంగి కూర్చోవడం, ఊపిరి అయిపోయాక కూడా చరణం లాగడం దానికి కారణాలు. నిలబెట్టి పాడించి, ఊపిరి తీసుకునే చోట్లు ముందే చెబితే బాగుపడుతుంది.

అపోహ: టీచర్లకు శిక్షణ ఇవ్వాలంటే పెద్ద ఊరినుంచి రిసోర్స్ పర్సన్ రావాలి.

చెక్కభజన (చేతిలో చెక్కలు వాయిస్తూ ఆడి పాడే భజన) గురువు పిల్లలకు అడుగు ఎలా నేర్పుతాడో ఒక్కసారి గమనించండి. మొదట చెక్కలివ్వడు. అడుగు, ఆపైన తిరుగుడు, ఆ తర్వాతే చెక్కలు, అన్నిటికన్నా చివర పాట. తాళం కాళ్లలోకి దిగాక గానీ నోటికి పని చెప్పడు. చదువుకున్న సంగీతం టీచర్లు పాటతో మొదలుపెట్టి తాళంతో అవస్థ పడేది అందుకే. పండరి భజన, కోలాటం, ఉరుముల నృత్యం, గొరవయ్యల డమరుకం తెలిసినవాళ్లు మనకు ఒక బస్సు దూరంలోనే ఉన్నారు.

పిలిచే తీరు మాత్రం తెలియాలి. ‘మీ కళ గురించి రెండు మాటలు చెప్పండి’ అని మైకు చేతికిస్తే ఆయన నోరు మూగబోతుంది. టీచర్లందరూ చెప్పులు విడిచి వరసలో నిలబడి ‘మాకు నేర్పు పెద్దాయనా’ అంటే రెండు గంటలు ఊపిరాడనివ్వడు. ఒకరు ఆడకుండా పక్కన కూర్చుని ఆయన ఏది ముందు, ఏది తర్వాత చేయించాడో రాసుకోవాలి. హైదరాబాదునుంచి వచ్చేవాళ్లకు ఇచ్చేంత గౌరవవేతనం ఆయనకూ ఇవ్వాలి. శాలువా కప్పి పంపేయడం మర్యాద అనిపించుకోదు.

అపోహ: గొంతు పోవడం ఈ పనిలో మామూలే.

హాలు హోరెత్తితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు, దాంతో పిల్లలు ఇంకా పెంచుతారు. రేకుల షెడ్డులో నాలుగు డప్పులు మోగితే 100 డెసిబెల్స్ దాటడం పెద్ద విషయం కాదు. వినికిడి భద్రతకు వాడే ఒక లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ 8 గంటలు భరించవచ్చు, ప్రతి 3 పెరిగేకొద్దీ సమయం సగమవుతుంది. 94కు గంట, 100కు పావుగంట. కాబట్టి డప్పుల గుంపును వేపచెట్టు కిందికి పంపండి. లోపల ఒకదాన్నొకటి ఆనుకున్న రెండు గోడలకు పాత బొంతలు వేలాడదీస్తే మోత తగ్గుతుంది. పిల్లల్ని ఆపడానికి అరవొద్దు, చిటిక తాళం ఒకటి పెట్టుకోండి: టీచరు వేస్తే పిల్లలు తిరిగి వేసి ఊరుకోవాలి. గొంతు బొంగురుపోయిన రోజు గుసగుసగా చెప్పడం విశ్రాంతి అనుకుంటారు, దానివల్ల గొంతు ఇంకా ఒత్తిడికి లోనవుతుంది. ఆ రోజు తాళం క్లాసు పెట్టుకోండి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాల్సిందే.

డప్పు మాట వచ్చింది కాబట్టి: వానాకాలం చర్మం సడలితే మంట పెట్టి కాచడం పెద్దవాళ్ల పని, అదీ హాలు బయట. పిల్లల క్లాసుకు బోల్టులు బిగించే ఫైబర్ డప్పులు తీసుకుంటే ఈ బాధ ఉండదు. నాదం అంత రాదు, నిజమే.

అపోహ: పిల్లల భద్రత కమిటీవాళ్లు చూసుకుంటారు.

పిల్లల్ని లైంగిక నేరాలనుంచి కాపాడే పోక్సో చట్టం 2012లోని 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానమున్నా, ఆ తెలిసిన మనిషే పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. జీతమా, గౌరవవేతనమా అని చట్టం అడగదు. కాబట్టి జూన్ శిక్షణలో దీనికి ఒక గంట తీసిపెట్టాలి. చేయి పట్టుకుని తాళం వేయించడం, నడుము నిటారుగా పెట్టడానికి వీపు తాకడం మాని, పిల్ల ఎదురుగా మనం చేసి చూపించే పద్ధతి ఆ గంటలోనే సాధన చేయించాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడమీద పిల్లల కంటికి ఆనే ఎత్తులో రాయించండి.

అపోహ: వేసవి సెలవుల్లో టీచర్లు ఖాళీగా ఉంటారు, శిక్షణ అప్పుడే పెట్టాలి.

మేలో పిల్లలుండరు, నేర్చుకున్నది ప్రయత్నించే చోటుండదు. జూన్ వచ్చేసరికి సగం మరిచిపోతారు. రేకుల కింద 42 డిగ్రీల ఎండలో మధ్యాహ్నం రెండింటికి సరళీ వరసల గురించి వినే ఓపిక ఎవరికుంటుంది? బడులు తెరిచే వారంలో మొదటి విడత, దసరా సెలవుల తర్వాతి శనివారం రెండో విడత పెట్టండి. రెండో విడతకు ప్రతి ఒక్కరూ తమ క్లాసు 20 నిమిషాల రికార్డింగు, 40 గీతల కాగితం తెచ్చుకోవాలని జూన్‌లోనే చెప్పేయండి. ఖాళీ చేతులతో వచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఎలాగూ ఉంటారు. వాళ్లను పక్కవాళ్ల రికార్డింగు దగ్గర కూర్చోబెట్టి గీతలు గీయమనండి.