పాలక్కాడ్ దాటని పిట్ట

చిరంజీవులు చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

ఊటీలో ఉండే పిట్టలే కొడైకెనాల్‌లోనూ ఉంటాయా అని ఫోన్లో అడిగారు కదా. చాలావరకు అంతే. షోలాకిలి సంగతి మాత్రం వేరు.

పడమటి కనుమల్లో బాగా ఎత్తున, కొండ మడతల్లో పొట్టి చెట్ల చిట్టడవులు ఉంటాయి. వాటిని షోలాలంటారు. చుట్టూ గడ్డి మైదానాలు, మధ్యలో ఈ అడవి. షోలాకిలి కాపురం అక్కడే, నేలకు ఆనుకున్న పొదల్లో. జానెడు కూడా ఉండదు. నీలి ఒళ్లు, పొడుగు కాళ్లు. రాలిన ఆకుల మధ్య పురుగులు ఏరుకు తింటుంది. సన్నని ఈల పాట వినిపిస్తూనే ఉంటుంది కానీ మనిషి అలికిడైతే పొదలోకి దూరిపోతుంది. గట్టు బొరియలోనో చెట్టు తొర్రలోనో నాచుతో గూడు కట్టి, మామూలుగా రెండే గుడ్లు పెడుతుంది.

ఊటీ వైపు పిట్టకు పక్కలు ఇటుక రంగు. కొడైకెనాల్ పిట్టకు పక్కలు బూడిద నీలం, పొట్ట తెలుపు. ఎందుకీ తేడా? ఆ రెండు కొండల మధ్య పాలక్కాడ్ కనుమ ఉంది. కోయంబత్తూరు నుంచి కేరళకు రైళ్లు వెళ్లేది అందులోంచే. పల్లం, పైగా వేడి. చల్లటి పొదలు వదలని ఈ పిట్టకు అది సముద్రంతో సమానం. లక్షల ఏళ్లుగా అటువి అటే, ఇటువి ఇటే ఉండిపోయి రెండు జాతులయ్యాయి.

ఊటీ పిట్టను శాస్త్రానికి పరిచయం చేసింది జెర్డన్ అనే డాక్టరు. మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసినాయనే! ఆ తర్వాత ఇది ఏ కుటుంబం పిట్టో తేలక పండితులు చాలాకాలం తలలు పట్టుకున్నారు. చివరికి డీఎన్‌ఏ చూసి 2017లో దీనికంటూ కొత్త ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతులను కలిపే గుంపు, ఇచ్చారు. అప్పుడే ఇంకా దక్షిణాన, షెన్‌కోట కనుమకు అవతల, మూడో జాతి కూడా ఉందని తేల్చారు.

షోలాలు కొట్టేసి తేయాకు, గడ్డి నేలల్లో నీలగిరి చెట్లు వేశారు. ఊళ్లో అందరూ ఫోటోలు దిగే ఆ పచ్చటి తేయాకు తోటలంటే నాకు అందుకే అంత మోజు లేదు.

వేసవిలో వెళ్తే, తెల్లవారుతుండగా షోలా పక్కన కాలిబాట మీద చూడండి. ఆ వేళ బయటికొస్తుంది. దాన్ని పిలవడానికి ఫోన్లో దాని పాట మాత్రం పెట్టకండి, శత్రువు వచ్చిందని కంగారు పడుతుంది. ఫోటో దొరికితే ఊరి పేరు చెప్పకుండా పంపండి. పాలక్కాడ్‌కు ఏ పక్కన తీశారో నేనే చెప్తాను.

మీ తాతయ్య