కోణాలు కూడితే మార్కులు పోతాయా? అనంతపురం గొడవ వెనక కథ

అనంతపురంలో ఒక జూనియర్ కాలేజీ యూనిట్ టెస్టుతో పాత గొడవ మళ్లీ లేచింది. లెక్క చిన్నదే: (√3 + ఐ), (1 + √3ఐ) అనే రెండు సంకీర్ణ సంఖ్యల లబ్ధం కనుక్కోవాలి (ఐ అంటే మైనస్ ఒకటికి వర్గమూలం). సీనియర్ ఇంటర్ కుర్రాడు బ్రాకెట్లు విప్పలేదు. రెండింటికీ మాపం (గీతగా గీస్తే దాని పొడవు) 2, ఆయామాలు (ఆ గీత దిక్కు చెప్పే కోణాలు) 30°, 60° అని రాసి, మాపాలు గుణించి, కోణాలు కూడాడు. మాపం 4, కోణం 90°, అంటే 4ఐ. రెండు లైన్లలో అయిపోయింది. నాలుగు మార్కులకు రెండే పడ్డాయి. "ఆన్సర్ కరెక్టే కదా సార్, ఎందుకు కట్ చేసినారు?" అంటే, "స్టెప్పులేవిరా?" అన్నారట. ఇంజనీరింగ్‌లో చెప్పేవాళ్లు కుర్రాడి వైపు, ఇంటర్ లెక్చరర్లు చాలామంది దిద్దినాయన వైపు చేరారు.

ఇలాంటి సంఖ్యలను మొదట లెక్కల్లో వాడిన ఇటలీ పండితులు కార్డానో, బొంబెల్లిల కథ వదిలేద్దాం. ఈ తగాదా ముడి 1797లో ఉంది.

ఆ ఏడాది మార్చిలో కాస్పర్ వెస్సెల్ అనే ఆయన డెన్మార్క్ రాయల్ అకాడమీ ముందు ఒక పత్రం పెట్టాడు. ప్రొఫెసర్ కాదు, భూములు కొలిచే సర్వేయరు. సర్వేయరుకు గీత అంటే రెండే సంగతులు: ఎంత పొడవు, ఏ దిక్కు. (తర్వాత కొన్నేళ్లకే బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ మనుషులు గొలుసులు, కోణాలు కొలిచే థియోడొలైట్‌తో మన గుత్తి దాకా వచ్చారు. వాళ్లు కొలిచిందీ పొడవు, కోణమే.) గీతను గీతతో గుణిస్తే వచ్చే గీత ఎటు చూడాలి? పొడవులు గుణించు, కోణాలు కూడు అన్నాడు వెస్సెల్.

అంతకుముందు మైనస్ ఒకటికి వర్గమూలం ఉందనుకుని ఒప్పుకోవాల్సి వచ్చేది. ఇక ఆ అవసరం పోయింది. క్లాక్ టవర్ దగ్గర తూర్పుకు తిరిగి నిలబడండి. తూర్పు ఒకటి అనుకోండి. ఎడమకు 90 డిగ్రీలు ఒకసారి తిరిగితే ఉత్తరం, అది ఐ. ఇంకోసారి తిరిగితే పడమర, అది మైనస్ ఒకటి. 90కి 90 కలిపితే 180. ఐ వర్గం మైనస్ ఒకటి కావడం అంటే అంతే. పాపం, పత్రం డేనిష్‌లో ఉండడంతో దాదాపు నూరేళ్లు ఎవరి కంటా పడలేదు. 1806లో పారిస్‌లో ఆర్గాండ్ సొంతంగా ఇదే దారి పట్టాడు. 1831లో జర్మన్ గణితవేత్త గాస్ పూనుకున్నాకే ఈ గీతల బొమ్మకు గౌరవం దక్కింది.

సంకీర్ణ సంఖ్య అంటే ఒక క్రమయుగ్మం, అంటే వరస తప్పకుండా రాసిన రెండు సంఖ్యల జత అని ఐర్లాండ్ గణితవేత్త హామిల్టన్ రాసింది 1837లో. మన సీనియర్ ఇంటర్ లెక్కల 2ఎ పుస్తకం మాత్రం ఆ క్రమయుగ్మంతోనే మొదలవుతుంది. పొడవు, కోణాలతో రాసే మాప ఆయామ రూపం తర్వాతెప్పుడో వస్తుంది, ఆ రూపంలో ఘాతాలు కట్టే డిమోయర్ సిద్ధాంతానికి వేరే చాప్టరు. దాంతో కోణాలు కూడడం ఎక్కడో దొరికిన షార్ట్‌కట్‌లా కనిపిస్తుంది పిల్లలకు. దిద్దేవాళ్లకు కూడా.

అటువైపు వాదనలోనూ పస ఉంది. (2 + 3ఐ)ని (4 + 5ఐ)తో గుణించమంటే బ్రాకెట్లు విప్పినవాడికి 8 − 15, 10 + 12, అంటే −7 + 22ఐ, అర నిమిషం పని. కోణాల దారిలో 56.31°, 51.34° కావాలి. క్యాలిక్యులేటర్ లేని హాల్లో ఎక్కడి నుంచి తెస్తాడు? కూడికైతే మాప ఆయామ రూపంలో మరీ కష్టం. సరే. కానీ కుర్రాడికి ఇచ్చిన లెక్క అది కాదు. 30, 60 డిగ్రీలు చూడగానే తెలిసే సంఖ్యలు ఇచ్చి, కోణం వాడితే తప్పంటే ఎలా?

విప్పి చూసినా వచ్చేది అదే: √3, 3ఐ, ఐ, −√3. చివరి √3 మొదటిదాన్ని కొట్టేస్తుంది, 4ఐ మిగులుతుంది. పేపరు రీవెరిఫికేషన్‌కు వెళ్లింది. ప్రశ్నలో "లబ్ధం కనుక్కోండి" అని మాత్రమే ఉంది.