ఆసుపత్రుల ఊళ్లో వాడల ఆరోగ్యం: తిరుపతిలో ఈ కథ ఎక్కడ మొదలైంది

తిరుపతిలో ఆసుపత్రులకు కొదవ లేదు. 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీ వచ్చింది, ఆ వెంటే రుయా, 1985లో ఎముకల జబ్బులకు బర్డ్, 1993లో స్విమ్స్, 2021లో పిల్లల గుండె జబ్బులకు శ్రీపద్మావతి హృదయాలయం. కడప, నెల్లూరు, అనంతపురం నుంచే కాదు, తమిళనాడు సరిహద్దు ఊళ్ల నుంచి కూడా జనం రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఓపీ చీటీ కోసం వరసలో నిలబడతారు. అదే ఊళ్లో, ఆ వరసకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, ఏడో నెల వచ్చినా రక్తపరీక్ష చేయించుకోని గర్భిణి ఉంటుంది. ఆమెకు ఆసుపత్రి ఎక్కడుందో తెలియక కాదు. లాడ్జిలో గదులు ఊడ్చే పని ఆమెది, పొద్దున ఓపీకి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, రెండుసార్లు మానేస్తే పనే పోతుంది.

ఆరోగ్యంలో సమానత్వం అనే పెద్ద మాటకు నాకు అర్థమైనంతలో అర్థం ఇదే. ఆసుపత్రి ఎంత దగ్గరగా కట్టారన్నది కాదు, ఆమె ఇంటి నుంచి అక్కడి దాకా దారి ఎంత పొడవుందన్నది. ఆ దారిని తగ్గించడానికి ఈ ఊళ్లో ఎవరు ఎవరితో చేయి కలిపారు, ఆ చెయ్యి ఎక్కడెక్కడ జారిపోయింది అన్నది చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ముందు మా వీధుల పేర్లు వినండి. కొర్లగుంట, తాతయ్యగుంట, కొరమేనుగుంట, గొల్లవానిగుంట, తుమ్మలగుంట. గుంట అంటే నీళ్లు నిలిచే చోటు. కొండ మీద కురిసిన వాన కిందికి దిగి, ఒక గుంట నిండితే పక్క గుంటకు పారి, చెరువుల్లోకి, చివరికి స్వర్ణముఖిలోకి పోయేది. ఊరు గుడి చుట్టూ మొదలైంది. 1130లో రామానుజాచార్యుల చేతుల మీదుగా గోవిందరాజస్వామి గుడి దగ్గర పునాది పడిందని ఊరు చెప్పుకుంటుంది, ఈమధ్య ఏటా ఫిబ్రవరి 24న తిరుపతి పుట్టినరోజు కూడా చేస్తున్నారు. గుడి చుట్టూ మాడవీధులు, వాటి చుట్టూ అగ్రహారాలు, సత్రాలు, అంగళ్లు. ఆ వీధులు ఊడ్చేవాళ్లకు, దొడ్లు శుభ్రం చేసేవాళ్లకు, మూటలు మోసేవాళ్లకు మాత్రం చోటు ఊరి అంచున, పల్లంలో. తిరుపతిలో స్కావెంజర్స్ కాలనీ అని ఒక కాలనీ పేరు ఇప్పటికీ అలాగే నడుస్తోంది. మనిషి చేసే పనిని, పుట్టిన కులాన్ని ఒకేసారి చెప్పే పేరు అది. ఎవరు ఎక్కడ ఉండాలో అప్పుడు నిర్ణయించింది కులం, ఆ చోటులో ఏ రోగం రావాలో నిర్ణయించింది పల్లం.

1886లో మున్సిపాలిటీ వచ్చింది. పుణ్యక్షేత్రాలంటే అప్పటి ప్రభుత్వానికి మొదట గుర్తొచ్చేది కలరా. వేలమంది ఒక చోట చేరతారు, తిరిగి ఊళ్లకు పోతూ రోగాన్ని మోసుకెళ్తారు అన్న భయం. అందుకే శుభ్రత అంటే యాత్రికుడు నడిచే దారి శుభ్రత అనే లెక్క చాలాకాలం సాగింది. ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాక యాత్రికుల సంఖ్య పెరిగింది, లాడ్జీలు, హోటళ్లు పెరిగాయి, వాటిలో పనికి చిత్తూరు జిల్లా పశ్చిమ మండలాల నుంచి, కరువు తాలూకాల నుంచి జనం దిగారు. వాళ్లకు కొండ కింద జీవకోన లాంటి చోట్ల, ఎండిన గుంటల్లో జాగా దొరికింది. 2011 లెక్కలకు నగరంలో 2.87 లక్షల మంది. రోజూ కొండకు వచ్చిపోయే అరవై డెబ్బై వేల మంది దీనికి అదనం. వాళ్లు వాడే నీళ్లు, వదిలే చెత్త కూడా ఈ ఊరే మోయాలి.

మరి ప్రభుత్వం పట్టించుకోని రోజుల్లో వాడలు ఏం చేశాయి? ఇక్కడ గంగమ్మ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో, ఎండలు మాడ్చే రోజుల్లో వస్తుంది. ఒంటి మీద అమ్మవారు పోసే కాలం, జ్వరాల కాలం. చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు. వీధి వీధిలో వేపాకు, పసుపునీళ్లు, కుండలకొద్దీ అంబలి. బైరాగి వేషం, తోటి వేషం, మాతంగి వేషం వేసినవాళ్లు ప్రతి వీధికీ వస్తారు, ఏ కులం వీధినీ వదలరు. మొక్కును మొక్కుగానే చూసేవాళ్ల నమ్మకాన్ని నేను తగ్గించి చెప్పడం లేదు, మా ఇంట్లోనూ అంబలి పోస్తాం. కానీ రోగం అనేది ఒక ఇంటి సంగతి కాదు, ఊరంతా కలిసి మోయాల్సింది అన్న బుద్ధి ఈ ఊళ్లో ఏ పథకం కన్నా ముందే ఉంది. బయటనుంచి వచ్చిన ప్రతి అధికారీ ప్రజల్లో చైతన్యం తేవాలి అంటుంటే నాకు బాధగా ఉంటుంది.

నీళ్ల విషయానికి వస్తే, కల్యాణి డ్యాం 1970ల్లో కట్టారు, తర్వాత కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్లు వచ్చాయి. వాడల్లో మాత్రం చాలాకాలం వీధి కొళాయే. నా చిన్నప్పుడు మా వీధి కొళాయి దగ్గర వినిపించే మొదటి మాట, ఏం మే, బిందె పెట్టి యాడికి పోయినావు, అని. ఆ వరసలోనే ఎవరి బిడ్డకు విరేచనాలు, ఎవరి కోడలికి నెలలు నిండాయి, ఎవరి మొగుడు తాగి కొట్టాడు అన్నీ తెలిసిపోయేవి. తర్వాత ఆరోగ్య సంఘాలని పేరు పెట్టి కాగితం మీద రాసింది ఈ వరసనే.

కాగితం మీదికి ఎలా వచ్చిందంటే, వాడల అభివృద్ధి పేరుతో 1967లో హైదరాబాదులో ఒక ప్రాజెక్టు మొదలైంది, వాడవాళ్లనే కూర్చోబెట్టి ఏం కావాలో అడిగి చేసే పద్ధతి. అది నచ్చి 1990లో పట్టణ పేదల కనీస సేవల పథకంగా, 1997లో స్వర్ణజయంతి పథకంగా దేశమంతా పాకింది. ఇరుగుపొరుగు పది ఇళ్లకు ఒక గుంపు, వాటిపైన వాడ కమిటీ, దానిపైన ఊరి సొసైటీ అనే మెట్లు అప్పుడు వచ్చినవే. పల్లెల వైపు చూస్తే, 1981లో తిరుపతి కేంద్రంగా మొదలైన రాష్ట్రీయ సేవా సమితి లాంటి సంస్థలు బాలవాడీలు, మహిళా సంఘాలు నడిపాయి. కానీ అసలు ఊపు పక్క జిల్లా నుంచి వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించడంతో 1992లో రాజుకున్న ఉద్యమం పొదుపు సంఘాలుగా మారింది. రోజుకు ఒక్క రూపాయి పొదుపు. ఆ రూపాయి తిరుపతి వాడల్లోకి కూడా వచ్చింది. మా అమ్మ సంతకం నేర్చుకున్నది సంఘం తీర్మానాల పుస్తకంలోనే.

ఇక 2000 సంవత్సరం. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన కాలం ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. ఆ ఏడాది రెండు పనులు మొదలయ్యాయి. ఒకటి పట్టణ వాడల ఆరోగ్య ప్రాజెక్టు. ఉమ్మడి రాష్ట్రంలో 74 పట్టణాల్లో 192 అర్బన్ హెల్త్ సెంటర్లు పెట్టారు, ఒక్కో దానికి వాడల్లో 15 నుంచి 20 వేల జనాభా. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది స్థానిక స్వచ్ఛంద సంస్థ, వీధుల్లో మహిళా ఆరోగ్య సంఘాలు. ఒక డాక్టరు, ఇద్దరు నర్సమ్మలు, వీళ్లతో పాటు వాడలో తిరిగే ఒక కార్యకర్త. పని చిన్నదే: గర్భిణుల నమోదు, టీకాలు, ప్రసవానికి ఆసుపత్రికి పంపడం. కానీ నర్సమ్మ పేరు వీధికి తెలుసు, వీధి పేర్లు నర్సమ్మకు తెలుసు. టీకా రోజు ఎవరి బిడ్డ రాలేదో సాయంత్రానికి సంఘం వాళ్లు ఆ ఇంటికి వెళ్లేవాళ్లు. రెండోది, బ్రిటన్ ప్రభుత్వ సాయంతో రాష్ట్రంలోని పెద్ద పట్టణాల్లో మొదలైన పట్టణ పేదల సేవల కార్యక్రమం. మొదట 32 పట్టణాలు, తర్వాత 42. దాని పద్ధతి నాకు ఇప్పటికీ న్యాయంగా అనిపిస్తుంది: వాడలన్నిటినీ ఎంత పేదరికం, ఎంత సౌకర్యాల కొరత అనే రెండు లెక్కలతో వరసపెట్టి, రెండిటిలోనూ అడుగున ఉన్న వాడకు ముందు కాలువ, ముందు రోడ్డు. కౌన్సిలర్ ఇంటి వీధి ముందు కాదు. ఆ పట్టిక కాగితం మీద ఉంటే నీ వాడ ఎన్నో నంబరో నువ్వు అడగొచ్చు. అడిగే హక్కే అసలు సంగతి.

కాలువ వేయడానికీ ఆరోగ్యానికీ ఏం సంబంధం అనేవాళ్లకు ఒక మాట. ఇంటి ముందు మురుగు నిలిస్తే దోమ, దోమతో డెంగీ, పైపు మురుగులో మునిగితే విరేచనాలు, విరేచనాలతో బిడ్డ బరువు పడిపోవడం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఐరన్ మాత్రలు పంచితే సరిపోతుందా? ఆ మాత్ర తిన్న ఆమె నీళ్ల కోసం రాత్రి రెండింటికి లేచి, అందరూ తిన్నాక మిగిలింది తిని, పనికి పోతోంది.

తర్వాత జరిగింది గుర్తుపెట్టుకోవాలి. 2007లో తిరుపతి కార్పొరేషన్ అయింది. కానీ దానికి మొదటి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. పద్నాలుగేళ్లు కార్పొరేటర్ అనే మనిషి లేడు. వీధి దీపం పోయినా, కొళాయిలో మురికినీళ్లు వచ్చినా చెప్పుకోవడానికి ఆఫీసు మెట్లెక్కాలి. అదే 2007లో మెప్మా అనే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ వచ్చింది, పొదుపు సంఘాలన్నీ దాని కిందికి చేరాయి, వాడకో సమాఖ్య (ఎస్‌ఎల్‌ఎఫ్), పట్టణానికో సమాఖ్య (టీఎల్‌ఎఫ్), మధ్యలో సంఘాలను చూసుకునే ఆర్పీలు (రిసోర్స్ పర్సన్లు), సీఓలు (కమ్యూనిటీ ఆర్గనైజర్లు). ఆ పద్నాలుగేళ్లూ వాడకూ ఆఫీసుకూ మధ్య ఉన్న తాడు ఈ ఆడవాళ్లే. పెన్షన్ ఫారం, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కాగితం, టీకా లిస్టు అన్నీ వాళ్ల సంచిలో. ఆర్పీలకు ఏళ్ల తరబడి సరైన గౌరవ వేతనం కూడా లేదు, సంఘాలు ఇచ్చే దానితోనే తిరిగారు. ఇది తప్పు, ఇప్పుడైనా తప్పని ఒప్పుకోవాలి.

2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చింది. 50 వేల జనాభాకు ఒక ఆరోగ్య కేంద్రం, 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా కార్యకర్త, 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి. సమితికి ఏడాదికి 5 వేల రూపాయలు, దేనికి ఖర్చు పెట్టాలో వాళ్లే తీర్మానం చేసుకోవచ్చు. ఐదు వేలు ఏ మూలకు వస్తాయి అనిపిస్తుంది. కానీ రాత్రిపూట నొప్పులు మొదలైన అమ్మాయికి ఆటో, గుంట పక్కన ఒక లోడు మట్టి, కొళాయి దగ్గర ఒక సిమెంటు గట్టు. ఎవరి సంతకం కోసమూ తిరగకుండా చేయగలిగిన పనులు ఇవి.

అక్కడి నుంచి పేర్లు మారడం మొదలైంది. 2016లో హెల్త్ సెంటర్లను ముఖ్యమంత్రి ఆరోగ్య కేంద్రాలు చేసి ప్రైవేటు నిర్వహణకు ఇచ్చారు, తెర మీద స్పెషలిస్టు డాక్టరు కనిపించేవాడు. షుగరు, బీపీ వాళ్లకు అది ఉపయోగపడింది, కాదనను. కానీ స్వచ్ఛంద సంస్థలు పక్కకు తప్పుకున్నాయి, వాడలో తిరిగే కార్యకర్త పోయింది. ప్రభుత్వం మారాక వైఎస్సార్ అర్బన్ హెల్త్ క్లినిక్కులు, కొత్త భవనాలు, మందులు, లేబొరేటరీ. భవనం బాగుపడింది, అది మంచిదే. అయితే ఒక్కో మార్పుకూ పాత రిజిస్టర్లు మూలకు పడ్డాయి, సిబ్బంది మారారు, వీధి మళ్లీ మొదటినుంచి తన కథ చెప్పుకోవాల్సి వచ్చింది. ఏ పార్టీ వచ్చినా ఇదే వరస.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు మాత్రం అందరికీ సంఘాలు గుర్తొచ్చాయి. మనిషికి మూడు లెక్కన 16 కోట్ల మాస్కులు రాష్ట్రమంతా పొదుపు సంఘాలతో కుట్టించాలని ప్రభుత్వం నిర్ణయించింది. మా వీధిలో మూడు మిషన్లు తెల్లవార్లూ నడిచాయి.

2021 నవంబరు నాటికి ఆ అలసట తీరనే లేదు, వాన వచ్చింది. కొండ మీద కురిసినదంతా ఒక్కసారిగా దిగింది. దానికి తన దారి గుర్తుంది, మనమే గుంటలు పూడ్చి ఇళ్లు కట్టాం. కొర్లగుంట, ఆటోనగర్, ఎంఆర్ పల్లి చుట్టుపక్కల ఇళ్లలో నడుము లోతు నీళ్లు. పేర్లలో ఉన్న గుంటలన్నీ ఆ వారం మళ్లీ గుంటలయ్యాయి. మా వీధి ఆర్పీ దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. నెలలు నిండినవాళ్లు ఇద్దరు, డయాలసిస్‌కు పోయే పెద్దాయన ఒకరు, మంచం మీద ఉన్న అవ్వ, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకునే ఇల్లు. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, ఏ యాప్‌లోనూ ఆ జాబితా లేదు. ఆ నోటుబుక్కు పట్టుకునే కుర్రాళ్లు ఒక్కో ఇంటికీ వెళ్లి మనుషుల్ని ఎత్తుకొచ్చారు.

2016లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరాక తిరుపతికి పెద్ద పనులు చాలా వచ్చాయి. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పూర్తయింది, చెత్త శుద్ధికి తూకివాకంలో ప్లాంట్లు వచ్చాయి, కేంద్రం చేసే శుభ్రత సర్వే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఊరికి మంచి ర్యాంకులు వచ్చాయి. ఆ ర్యాంకు తెచ్చిన పారిశుద్ధ్య కార్మికులు తెల్లవారుజామున నాలుగింటికి మస్టర్‌కు (హాజరుకు) వెళ్లి, మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వాళ్ల వాడ క్లినిక్‌లో పొద్దుటి ఓపీ అయిపోతుంది.

ఇప్పుడు మా సంఘం తీర్మానాల పుస్తకంలో రాసి పంపింది రెండే విషయాలు. పట్టణ ఆరోగ్య కేంద్రం ఓపీని మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా పెట్టుకోవచ్చని పట్టణ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాల్లోనే ఉంది, లాడ్జి పనివాళ్లు, పారిశుద్ధ్యం వాళ్లు ఉండే మా వాడలో అలా పెట్టండి అని ఒకటి. కొత్తగా కాలువ ఎక్కడ తవ్వబోతున్నారో ఆ గీత గీసే రోజు మమ్మల్ని పిలవండి, నీళ్లు ఎటునుంచి ఎటు పోయాయో మేం చూపిస్తాం అని రెండోది. కింద ఇరవై మూడు సంతకాలున్నాయి. అమ్మది నాలుగోది.